అమ్మకి ఇంట్లో మనిషిని పెట్టాలి, విజయవాడలో ఏ ఏజెన్సీ? డిశ్చార్జికి నాలుగు రోజులే ఉంది

నూజివీడు_రసాలు · 3 డిసెంబర్ 2024, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదివి వెళ్ళిపోవడమే తప్ప ఇక్కడ ఒక్క ముక్క రాసింది లేదు, ఇప్పుడు అవసరం పడి రాస్తున్నా. మా అమ్మకి 76. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక్కతే ఉంటుంది, నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. పోయిన గురువారం తెల్లారగట్ల బాత్రూంలో జారి పడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ చేసి బాల్ మార్చారు. శనివారం పంపించేస్తాం అంటున్నారు.

నేను పూణేలో, అక్క డల్లాస్‌లో. నేను పదిహేను రోజులు లీవు పెట్టగలను, ఆ తర్వాత నెలకోసారి రాగలను, అంతే. పూణే తీసుకెళ్దామంటే మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, అది ఉన్నా అమ్మ రాదనుకోండి.

హాస్పిటల్లో లిఫ్టు పక్కన గోడకి నాలుగు నంబర్లు అంటించి ఉంటే అన్నిటికీ చేశా. ఒకాయన నెలకి 18 వేలన్నాడు, ఒకావిడ 28 అంది, ఇంకో పెద్ద కంపెనీ వాళ్ళు రోజు లెక్కన చెప్పి రిజిస్ట్రేషన్ అదనం అన్నారు. అందరూ "ట్రెయిన్డ్ స్టాఫే సార్" అనే అంటున్నారు. పదివేలు తేడా దేనికో ఎవరూ చెప్పట్లేదు. నర్సు కావాలా ఆయా కావాలా అంటే నాకేం తెలుసు. పైగా అమ్మ "బయటి మనిషి నా వంటింట్లో అడుగు పెట్టడానికి వీల్లేదు" అని ఇప్పట్నించే మొదలెట్టింది. ఎవరైనా అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

బెజవాడ_బాలు · 4 డిసెంబర్, ఉదయం 6:15

మా అత్తగారికి రెండేళ్ళు మనుషుల్ని పెట్టి చూసుకున్నాం, మొత్తం పదకొండు మంది మారారు, కాబట్టి ఈ సబ్జెక్టులో నాకు డాక్టరేట్ ఇచ్చేయొచ్చు.

ముందు ఒకటి చెప్తా. ఏజెన్సీ అంటే మన ఊళ్ళో చాలావరకు ఒక గది, రెండు ఫోన్లు, ఒక లాంగ్ నోట్‌బుక్కు. మనుషులు వాళ్ళ ఉద్యోగులు కాదు, ఫోన్ చేస్తే వచ్చేవాళ్ళు. ఈ నెల ఒక బ్యూరో పేరు మీద మీ ఇంటికొచ్చినావిడే వచ్చే నెల ఇంకో బ్యూరో పేరు మీద మీ పక్కింటికి వస్తుంది. అంచేత ఏ ఏజెన్సీ మంచిది అన్న ప్రశ్నకి జవాబు మీకు దొరకదు. వచ్చిన మనిషి మంచిదైతే అది మంచి ఏజెన్సీ, అంతే. మరి నెలనెలా వాళ్ళకి కమిషన్ ఎందుకు పోస్తున్నాం అంటే, ఆ మనిషి రాని రోజున ఇంకో మనిషిని పంపడానికి. దానికొక్కదానికే.

కాబట్టి ఫోన్‌లో రేటు అడక్కండి ముందు. "భోగి రోజు పొద్దున మా అమ్మ దగ్గర ఎవరుంటారండీ?" అని అడగండి. ఇంకా నలభై రోజులుంది, నవ్వుతారు, నవ్వనివ్వండి. ఎవరు నవ్వకుండా జవాబు చెప్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఎందుకంటున్నానంటే మా మొదటి సంక్రాంతికి మా దగ్గరున్నావిడ 12వ తారీకు రాత్రి బొబ్బిలి బస్సెక్కేసింది, తప్పేం లేదు ఆవిడకీ పిల్లలున్నారు, కానీ బ్యూరో ఆయన ఫోన్ స్విచాఫ్. 17న ఆన్ చేసి "పండగ కదండీ" అన్నాడు. ఆ ఐదు రోజులు మా ఆవిడా నేనూ వంతులేసుకుని డైపర్లు మార్చాం, అరిసెలు పక్కింటివాళ్ళు పెడితే తిన్నాం.

స్టాఫ్‌నర్స్_మేరీ · 4 డిసెంబర్, మధ్యాహ్నం 2:30

నైట్ డ్యూటీ దిగి పడుకుని లేచి రాస్తున్నా. నేను జీఎన్‌ఎమ్ చేశాను, 14 ఏళ్ళుగా ఆర్థో వార్డే.

బాబుగారూ, మీ అమ్మగారికి ఇంట్లో 24 గంటలూ నర్సు అక్కర్లేదు. నర్సు అంటే ఏఎన్‌ఎమ్ రెండేళ్ళు, జీఎన్‌ఎమ్ మూడేళ్ళు, బీఎస్సీ నాలుగేళ్ళు చదివి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టర్ అయిన మనిషి. ఎవరైనా "నర్సునే పంపుతున్నాం" అని నర్సు రేటు చెప్తే ఆ రిజిస్ట్రేషన్ కాపీ వాట్సాప్‌లో పెట్టమనండి, సగం మంది అక్కడే కేర్ టేకర్ అని మాట మార్చేస్తారు. ముక్కులోంచి ఆహారం పోసే రైల్స్ ట్యూబు ఉన్నవాళ్ళకి, గొంతుకి రంధ్రం చేసి ట్యూబు (ట్రాకియాస్టమీ) పెట్టి కఫం లాగాల్సినవాళ్ళకి, సెలైన్ ఇంజక్షన్లు నడిచేవాళ్ళకి, లోతుగా పుండు పడినవాళ్ళకి నర్సు కావాలి. మీకు కావాల్సింది లేపి కూర్చోబెట్టి నడిపించి స్నానం చేయించే గట్టి మనిషి. కుట్లు విప్పేదాకా డ్రెస్సింగుకీ, రక్తం గడ్డకట్టకుండా పొట్టకి ఇంజక్షన్ రాసుంటే దానికీ నర్సు వచ్చి పోతే చాలు, విజిట్‌కి ఇంత అని తీసుకుంటారు. ఫిజియో మాత్రం మానకండి.

మీరు చూడాల్సింది ఇంకొకటుంది. వచ్చిన మనిషిని "అమ్మని మంచం మీంచి లేపి చూపించమ్మా" అనండి. చంకల కింద చేతులేసి లాగిందంటే పని రాదన్నట్టే. వచ్చినావిడైతే ముందు వాకర్ దగ్గరికి లాక్కుంటుంది, అమ్మని మంచం అంచుకి జరుపుతుంది, ఆపరేషన్ అయిన కాలు కాస్త ముందుకి చాపిస్తుంది, అప్పుడు నడుం దగ్గర పట్టుకుని లేపుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, బాల్ మార్చిన తుంటి 90 డిగ్రీలు దాటి వంగకూడదు. అంటే కింద కూర్చోవడం, చిన్న పీట, మన దేశవాళీ లెట్రిన్, కాలు మీద కాలు, ఏవీ వద్దు, పడుకుంటే కాళ్ళ మధ్య దిండు. శనివారం లోపల బాత్రూంలో కమోడ్ మీద ఎత్తు పెంచే సీటు, పట్టుకోవడానికి గోడకి కడ్డీ వేయించండి, మనిషిని వెతకడం కంటే అది ముందు. పిక్క వాచి నొప్పి పుట్టినా ఆయాసం వచ్చినా ఏజెన్సీకి ఫోన్ చేసి కూర్చోవద్దు, 108.

నూజివీడు_రసాలు · 4 డిసెంబర్, సాయంత్రం 7:05

మేరీ గారూ మీకు చాలా చాలా థాంక్స్. ఇవాళ ప్లంబర్ని పట్టుకుని కడ్డీ వేయించేశా. మాది దేశవాళీదే, దాని మీద పెట్టే స్టీలు కుర్చీ కమోడ్ ఒకటి గవర్నర్‌పేటలో దొరికింది. బాలు గారూ, భోగి ప్రశ్న నలుగురినీ అడిగా. ఇద్దరు నవ్వారు. ఒకాయన "అప్పటికి మీ అమ్మగారే ముగ్గేస్తారు సార్" అన్నాడు. 28 వేలావిడ మాత్రం "పండక్కి వెళ్ళేవాళ్ళు డిసెంబర్ ఇరవైకల్లా నాకు చెప్పాలండి, రిలీవర్లకి ఆ నాలుగు రోజులూ డబుల్ ఇస్తాను, సగం మీరు పెట్టుకోవాలి" అంది.

ఇంకో డౌటు. 70 దాటినవాళ్ళకి ఆయుష్మాన్ వయ వందన కార్డు అని అక్టోబర్లో మొదలెట్టారు కదా, 5 లక్షలు, అందులో ఈ ఖర్చు వస్తుందా?

స్టాఫ్‌నర్స్_మేరీ · 4 డిసెంబర్, సాయంత్రం 7:50

రాదండి. అది హాస్పిటల్లో చేరినప్పటి వైద్యానికి. ఇంట్లో ఆయా జీతం మన జేబులోంచే. కార్డు మాత్రం చేయించి ఉంచండి, ఆధార్ ఉంటే చాలు.

ప్లానో_పద్మ · 4 డిసెంబర్, రాత్రి 9:20

మా పేరెంట్స్ నిజాంపేటలో ఉంటారు, నేను టెక్సస్ నుంచి మూడేళ్ళుగా నడిపిస్తున్నా కాబట్టి దూరం నుంచి చూసేవాళ్ళ వైపు చెప్తా. మేము బ్యూరో, పెద్ద కంపెనీ రెండూ చూశాం. కంపెనీ వాళ్ళకి బిల్లు ఉంటుంది, యాప్‌లో బీపీ షుగరు ఎక్కిస్తారు, కంప్లైంట్ చేస్తే టికెట్ నంబరొస్తుంది. సూపర్‌వైజర్ నెలకి రెండుసార్లు వచ్చి చూస్తారని అగ్రిమెంట్లో ఉంది, వచ్చినాయన గుమ్మంలో నిలబడి నాన్నగారితో సెల్ఫీ దిగి వెళ్ళిపోయేవాడు, ఆ ఫొటోనే రిపోర్టు. అంచేత సూపర్‌వైజర్ వస్తే ఏం చూస్తాడు అని అడగండి. వీపు చూస్తాడా, మందుల డబ్బా చూస్తాడా.

సంతకం పెట్టే ముందు కాగితం మొత్తం చదవండి. రిజిస్ట్రేషన్ డబ్బులు తిరిగి రావు, అది అందరిదీ అంతే. అడ్వాన్స్ మధ్యలో మానేస్తే ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారు, రీప్లేస్‌మెంట్ ఎన్నిసార్లు ఫ్రీ, మనిషి రాని రోజుకి డబ్బు కట్ చేస్తారా, ఇవి నోటిమాట కాకుండా రాయించుకోండి. మీరు ఆ మనిషిని డైరెక్టుగా పెట్టుకుంటే పెనాల్టీ ఇంత అని చివర్లో చిన్నక్షరాల్లో ఉంటుంది, మాకు రెండు నెలల జీతం అని ఉంది.

హాల్లో ఒక కెమెరా పెట్టండి. బెడ్‌రూంలో వద్దు, స్నానం చేయించే చోట అసలే వద్దు. కెమెరా ఉందని ఆ అమ్మాయికి మొదటి రోజే చెప్పండి.

ఓరుగల్లు_రాజన్న · 5 డిసెంబర్, ఉదయం 8:00

పద్మక్కా కెమెరా మాట జర ఆగు. మా బాపుకు పక్షవాతం వచ్చి రెండేండ్లాయె, కుడి చెయ్యి కుడి కాలు పనిచెయ్యవు, మాది హన్మకొండ. నేను గూడ ముందుగాల కెమెరా పెట్టిన. మొదటి పిలగాడు మంచిగ చేసెటోడు, కెమెరా చూసి మూడో రోజు "నన్ను దొంగలెక్క చూస్తున్నరు సార్" అని బ్యాగు సదురుకొని పోయిండు. మళ్ల ఇంకొకడు దొరికెటాలకు పదకొండు దినాలు పట్టింది, బాపును నేనే మోసిన, నా నడుం పోయింది.

మొగ పేషెంటుకు మొగ మనిషి కావాలె, మా బాపు 80 కిలోలుంటడు, ఆడోళ్లు లేపలేరు. కని మొగోళ్లు దొరుకుడు కష్టం, రేటు గూడ ఎక్కువ. ఇగ 24 గంటల డ్యూటీ అంటే మనిషి 24 గంటలు మెలకువతోని ఉంటడు అనుకోకుండ్రి. రాత్రి పండుకుంటడు, పండుకోవాలె గూడ. రాత్రి రెండు గంటలకోపారి ఒత్తిగిల పెట్టాలె, లేకుంటే పుండ్లు పడ్తయ్ అంటే రాత్రికి వేరే మనిషి, పన్నెండు పన్నెండు గంటలు ఇద్దర్ని పెట్టుకోవాలె. మేము పైసలకు ఎనకకు పోయి ఒక్కన్నే పెట్టుకున్నం, బాపుకు నడుం కింద పుండు పడ్డది, అది మానెదానికి నాలుగు నెలలు. గాలి పరుపు తర్వాత కొన్నం, ముందే కొనాలె.

దసరాకు మా దాంట్లె గూడ అదే కథ, బతుకమ్మ మొదలైందంటే మనుషులు దొరకరు.

ప్లానో_పద్మ · 5 డిసెంబర్, ఉదయం 8:45

రాజన్న గారూ మీరు అక్కడ ఉన్నారు కాబట్టి కెమెరా వద్దనగలరు. నేను 14 వేల కిలోమీటర్ల అవతల ఉన్నా. నాన్నగారు ఫోన్ ఎత్తకపోతే నాకు చూడ్డానికి వేరే దారేది చెప్పండి.

ఓరుగల్లు_రాజన్న · 5 డిసెంబర్, ఉదయం 9:10

అది గూడ నిజమే అక్కా. నీ బాధ నీకుంటది.

కొత్త_మెంబర్_4471 · 5 డిసెంబర్, ఉదయం 10:02

[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్ · 5 డిసెంబర్, ఉదయం 10:30

పేషెంట్ కేర్ సర్వీసుల వాళ్ళు ఫోన్ నంబర్లు, "100% గ్యారంటీ" బొమ్మలు ఇక్కడ పెట్టకండి. నిన్నటి నుంచి ఇది మూడోది. సభ్యులు తమకు తెలిసిన నంబర్లు పర్సనల్ మెసేజ్‌లో ఇచ్చుకోవచ్చు.

ఎల్‌బీనగర్_లత · 5 డిసెంబర్, మధ్యాహ్నం 12:15

మా అమ్మకి డిమెన్షియా (మతిమరుపు జబ్బు), మా కథ వేరు కానీ ఒక సంగతి అందరికీ పనికొస్తుందని రాస్తున్నా. సాయంత్రం ఐదయ్యేసరికి అమ్మకి కంగారు మొదలవుతుంది, ఇది మా ఇల్లు కాదు మా ఇంటికి పోతా అని గేటు దగ్గరికెళ్తుంది. చాలామందికి అలాగే ఉంటుందట. అప్పుడొక కొత్తావిడ వచ్చింది, ఆవిడ వచ్చిన వారానికి అమ్మ భలే నెమ్మదించింది, రాత్రంతా నిద్ర, పొద్దున తొమ్మిదైనా మగతే. మేము పిచ్చివాళ్ళలా ఎంత మంచి మనిషి దొరికిందో అని చుట్టాలందరికీ చెప్పుకున్నాం. నెలాఖరున మందులు కొనడానికెళ్తే డాక్టరు అవసరమైతేనే సగం వెయ్యమన్న నిద్రమాత్రల షీటు అయిపోయి ఉంది, పది ఉండాలి. రోజూ ఒకటి వేసి పడుకోబెట్టేసేది. అంతకుముందు వారమే అమ్మ మత్తులో తూలి పడబోయింది, మేము నీరసం అనుకున్నాం.

బ్యూరో వాళ్ళు "మా అమ్మాయి అలాంటిది కాదండి" అని ఇంకో మనిషిని పంపి ఈవిడ్ని ఇంకో ఇంటికి పంపారు, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు వణుకొస్తుంది.

అప్పట్నించీ మందులు వారానికి సరిపడా గళ్ళ డబ్బాలో నేనే వేస్తా, మిగతా షీట్లు బీరువాలో. ఆదివారం లెక్కపెడతా. డిమెన్షియా ఉన్నవాళ్ళు ఏజెన్సీ కంటే ముందు ఏఆర్‌డీఎస్‌ఐ (అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా) వాళ్ళని అడగండి, 1992 నుంచి ఉన్న సంస్థ, హైదరాబాద్‌లో కూడా శాఖ ఉంది, ఇంట్లోవాళ్ళకి ఎలా చూసుకోవాలో చెప్తారు. పెద్దవాళ్ళ విషయంలో ఏ సాయానికైనా కేంద్రం వాళ్ళ ఎల్డర్‌లైన్ 14567, ఫోన్ ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

సుజాత_శ్రీకాకుళం · 6 డిసెంబర్, రాత్రి 10:55

నేను ఫోన్‌లో మాటాడితే అదే రాసేత్తది, తప్పులుంటే ఏటనుకోకండి. నానూ ఈ పనే చేస్తాను, ఎనిమిదేళ్ళయింది, ఇప్పుడు గుంటూరులో ఒక మామ్మగారి దగ్గిరున్నాను. ఆవిడ పడుకున్నాక ఇదంతా చదివాను. అందరూ మమ్మల్ని ఎలా చూడాలో రాత్తన్నారు, మేము కూడా మిమ్మల్ని చూత్తాం కదండి.

మీకాడ 26 వేలు తీసుకుంటే మాకొచ్చేది 17, ఒక్కోసారి 16. అది మీకు చెప్పరు. అదీ నెల అయ్యాక ఇంకో పది రోజులకిత్తారు. అందుకే పిల్లలు మధ్యలో మానేసి డైరెట్టుగా వత్తాం అంటారు, ఆశ కాదండి. ఏజెన్సీని అడగండి, మనిషికి ఎంతిత్తన్నారు ఏ తారీకున ఇత్తన్నారు అని. చెప్పినోళ్ళ దగ్గిర మనుషులు నిలబడతారు, చెప్పనోళ్ళ దగ్గిర నెలకొకరు మారతారు.

ఇంకోటి, లోపలికి రాగానే నా పేరు అడక్కముందే "మీరేవిట్లు" అని అడుగుతారు. ముసిలోళ్ళు అడిగితే సరే, లేప్‌టాపు ముందర కూకున్న కొడుకులూ అడుగుతారు. నేను ఆళ్ళమ్మ ఒంటికి స్నానం చేయించాలి, ముడ్డి కడగాలి, దానికి పనికొత్తాను గానండి గ్లాసు ముట్టుకుంటే పనికిరాను. ఒక ఇంట్లో నాకు అన్నం వరండాలో పెట్టీవోరు, రెండో పూటకి వచ్చీసాను. వంట మాకొద్దు, మీ వంటింట్లోకి మేమెందుకు వత్తాం, పేషెంటు పనే రోజంతా సరిపోద్ది. పడుకోడానికి ఒక మంచం, మూడు పూటలా మీరు తిన్నదే, నెలకి రెండ్రోజులు సెలవు. అమ్మగారి బంగారం నా ముందర తీసి బీరువాలో పెట్టి తాళం మీరు పట్టుకెళ్ళిపోండి, మాకూ అదే మంచిది, ఏదైనా కనపడకపోతే ముందు మా సంచే వెతుకుతారు.

బెజవాడ_బాలు · 7 డిసెంబర్, ఉదయం 6:00

సుజాత గారూ, మా ఇంటికొచ్చిన పదకొండు మందిలో ఒకరు మా గురించి ఇలాగే రాసి ఉంటారేమో అనిపించింది. రెండో ఆవిడ ఎందుకు మానేసిందో ఇప్పటికి తట్టింది నాకు. ఇక చెప్పనులెండి.

పెన్షనర్_మాస్టారు · 7 డిసెంబర్, ఉదయం 9:40

నాకు 79 సంవత్సరాలు. రిటైర్డ్ హెడ్మాస్టర్ని, ఉండేది తణుకు. మీరందరూ ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారో ఆ పార్టీ తరఫున నేను హాజరు.

నాయనా నూజివీడూ, ఇంతసేపూ రేటు, కెమెరా, అగ్రిమెంటు అన్నీ అయ్యాయి. మీ అమ్మగారిని ఎవరైనా అడిగారా? నాకు కంటి ఆపరేషనూ మోకాలి ఆపరేషనూ వెంటవెంటనే అయినప్పుడు మా అబ్బాయి మనిషిని ఖాయం చేసి తీసుకొచ్చి నా ముందు నిలబెట్టాడు. ఆ కుర్రవాడు నా ఎదురుగా నిలబడి "తాతగారికి షుగరుందా, తాతగారు రాత్రి లేస్తారా" అని మా అబ్బాయిని అడుగుతున్నాడు. నలభై మంది పిల్లల్ని చూపుతో కూర్చోబెట్టినవాణ్ణి, నన్ను గురించి నా ఎదుటే మూడో మనిషిలో మాట్లాడుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ అబ్బాయిని పంపేశాను. తర్వాత వచ్చిన ఇద్దరినీ నేనే ఇంటర్వ్యూ చేశాను. ఒక ప్రశ్నే. మందుల షీటు చేతికిచ్చి పేరు చదవమన్నాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని అయినా చదివినవాణ్ణి ఉంచుకున్నాను, రంగు చూసి చెప్తానన్నవాణ్ణి పంపించాను. రెండు తెల్ల మాత్రలు ఒకేలా ఉంటే వాడేం చేస్తాడు.

జీతం నా పింఛనులోంచి నేనే చేతికిస్తాను, ఏజెన్సీ వాటా మా అబ్బాయి పంపుకుంటాడు. దాంతో ఇంట్లో యజమాని ఎవరో ఇద్దరికీ గుర్తుంటుంది. ఇంకో మాట, వంటింటి సంగతి మీ అమ్మగారి పంతం కాదు, ఆవిడకి మిగిలిన రాజ్యం అదొక్కటే. లాక్కోకండి.

నూజివీడు_రసాలు · 8 డిసెంబర్, రాత్రి 11:15

మాస్టారూ, మీ పోస్టు నిన్న హాస్పిటల్ బిల్లింగు క్యూలో నిలబడి చదివా. నిజం చెప్పాలంటే అడగలేదండి.

ఇవాళ 28 వేలావిడ ఇద్దరిని పంపింది. అమ్మ మంచం మీదే కూర్చుని ఇద్దరితోనూ మాట్లాడింది, నేను హాల్లోనే ఉండిపోయా. మొదటావిడని ఏమడిగిందో తెలీదు, పది నిమిషాల్లో పంపేసింది. రెండో ఆవిడది పాలకొండ వైపు, నలభై ఐదుంటాయి. మేరీ గారు చెప్పినట్టు లేపి చూపించమంటే ఆవిడ నన్ను వాకర్ తెమ్మని, మంచం ఎత్తు చూసి "కింద నాలుగు ఇటికలు పెట్టండి బాబూ, ఇంత పల్లంలోంచి లేస్తే కాలికి మంచిది కాదు" అంది. నేను, ఫిజియో, డాక్టరు ఎవరమూ మంచం ఎత్తు చూడలేదు! ఇటుకలు పెట్టేశా. మందుల షీటు మూడు చదివింది, నాలుగోది అద్దాలు లేక చదవలేదు, రేపు అద్దాలు కొనిపెడతా.

జీతం ఎంతిస్తారని ఏజెన్సీ ఆవిణ్ణి అడిగితే కాసేపు నసిగి 19 అంది, ఐదో తారీకు. పాలకొండ ఆవిణ్ణి విడిగా అడిగితే అదే చెప్పింది. వంటకి మా వీధిలోనే ఒక పిన్నిగారు పొద్దున రెండు గంటలు వస్తానన్నారు, దాంతో వంటింటి గొడవ తప్పింది. ఆధార్ కాపీ తీసుకుని స్టేషన్లో వివరాలు ఇచ్చి వచ్చా. అమ్మ గాజులూ గొలుసూ ఆవిడ ముందే తీసి బీరువాలో పెట్టాం, అమ్మకి కాస్త చిన్నబుచ్చుకున్నట్టయింది గానీ ఆవిడే "నాకూ నిశ్చింత అమ్మా" అంది.

ఎల్‌బీనగర్_లత · 9 డిసెంబర్, ఉదయం 7:30

మంచిదండి. మీరున్న ఈ పది రోజులూ అన్నీ మీరే చెయ్యకండి, ఆవిడ చేస్తుంటే పక్కన ఉండి చూడండి. ఒక నోట్‌బుక్కు పెట్టండి, ఏం తిన్నారు, మోషన్ అయిందా, ఎన్నిసార్లు నడిచారు, ఏ మందు ఎన్నింటికి. రిలీవర్ వచ్చినప్పుడు ఆ పుస్తకమే దిక్కు.

నూజివీడు_రసాలు · 22 డిసెంబర్, రాత్రి 10:00

పూణే వచ్చేశా. కుట్లు విప్పారు, వాకర్‌తో వీధి గుమ్మం దాకా వస్తోంది. అక్క పోరు పడలేక హాల్లో కెమెరా పెట్టా, ఆవిడకి చెప్పే పెట్టా. రెండు రోజులు కొంగు సర్దుకుంటూ తిరిగింది, ఇప్పుడు కెమెరా వైపు చూసి "డల్లాస్ పాపగారూ, అమ్మ టిఫిన్ తినట్లేదు చూడండి" అని అక్కకి చాడీలు చెప్తోంది.

ఒక గొడవ కూడా అయింది. మూడో రోజు నుంచి ఏజెన్సీ ఆవిడ డైపర్లు, గ్లౌజులు మా దగ్గరే కొనండి అని రోజూ ఫోన్. మందుల షాపు కంటే ఎక్కువ రేటు. కొననని చెప్పా, కాస్త ముభావంగా ఉంది. పండక్కి పాలకొండ ఆవిడ 12 నుంచి 17 దాకా సెలవు అడిగింది, ఇరవయ్యో తారీకు లోపలే చెప్పింది. రిలీవర్ని ముందు రోజే పంపి ఒక పూట ఇద్దరూ కలిసుండేలా చూడమన్నా.

బెజవాడ_బాలు · 22 డిసెంబర్, రాత్రి 10:20

రిలీవర్ పేరు, ఫోన్ నంబరు ఇప్పుడే తీసుకోండి. "ఎవరో ఒకర్ని పంపుతాం" అంటే ఎవర్నీ పంపరని అర్థం.

నూజివీడు_రసాలు · 18 జనవరి 2025, ఉదయం 11:30

ఏం జరిగిందో రాయాలి కదా.

12వ తారీకు మధ్యాహ్నం రిలీవర్ రావాలి. రాలేదు. పాలకొండ ఆవిడకి రాత్రి తొమ్మిదింటికి బస్సు. ఏజెన్సీ ఆవిడకి ఫోన్ చేస్తే స్విచాఫ్ అయితే కాలేదు బాలు గారూ, అదొక్కటి చెప్పాలి, ప్రతిసారీ ఎత్తింది. ఇస్తానన్న మనిషి రాజమండ్రి నుంచి రావాలి, బస్సుల్లో నిలబడ్డానికి కూడా చోటు లేదట. రాత్రి ఎనిమిదిన్నరకి ఏజెన్సీ ఆవిడే స్వయంగా వచ్చింది. ఒక చేతిలో బట్టల సంచీ, ఇంకో చేతిలో పిండివంటల డబ్బా. "పొద్దున దాకా నేనుంటాను" అని ఆ రాత్రి అమ్మ పక్కన పడుకుంది. రిలీవర్ భోగి రోజు పదకొండింటికి దిగింది. అప్పటికి ఈవిడే అమ్మకి తలంటు పోసి, కుర్చీలో గుమ్మం దాకా తీసుకొచ్చి భోగిమంట చూపించింది. నేను ఇదంతా కెమెరాలో పూణే నుంచి చూస్తున్నా, అక్క అక్కడ్నించి చూస్తోంది.

రిలీవర్ పిల్ల పనిలో పర్లేదు గానీ ఫోన్ ఎక్కువ, నోట్‌బుక్కులో రెండు రోజులు ఏమీ రాయలేదు. కనుమ రోజు మధ్యాహ్నం బీపీ మాత్ర మర్చిపోతే అమ్మే అడిగి వేయించుకుందట. 17న పాలకొండ ఆవిడ దిగింది, మా కోసం ఊరి నుంచి జీడిపప్పు తెచ్చింది.

ఫిబ్రవరి నుంచి 30 వేలు చెయ్యాలంటోంది ఏజెన్సీ ఆవిడ. అందులో మనిషికి ఎంత పెంచుతారని అడిగా. వెయ్యి అంది. వెయ్యిన్నర చెయ్యండి అన్నా. ఆలోచిస్తానంది.

విశాఖ_తీరం · 19 జనవరి, ఉదయం 9:00

థ్రెడ్ మొత్తం చదివాను సార్. మా నాన్నమ్మ బెజవాడలోనే ఉంటుంది, సేమ్ తుంటి ఎముకే, బుధవారం డిశ్చార్జి. ఆ ఏజెన్సీ నంబర్ ఇస్తారా ప్లీజ్.

నూజివీడు_రసాలు · 19 జనవరి, ఉదయం 9:25

మెసేజ్‌లో పెట్టా చూడండి. డైపర్లు మాత్రం బయట కొనుక్కోండి. పాలకొండ ఆవిడ కావాలని మాత్రం అడక్కండి, ఆవిడ మా దగ్గరే ఉంటుంది.